గాలివానకి పర్మిట్

పిన్ని పొద్దున్నే వచ్చి ఒక పసుపుపచ్చ హెల్మెట్టూ, అట్ట వేసిన ఒక పొడుగు పుస్తకమూ మా డైనింగ్ టేబుల్ మీద పెట్టి, "ఇవి నీవేనమ్మా" అంది. నావి కావు. పక్క క్వార్టర్లో ఉన్న బాబాయివి. ఆయన ఫిబ్రవరిలో పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని, వరండాలో కుర్చీ వేసుకుని, ఒక్క మబ్బు కూడా లేని ఆకాశంకేసి చూస్తూ పోయాడు. గాలివానలు మొదలవడానికి ఇంకా రెండు నెలలుంది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది. ప్రతిదానికీ ముందు నుంచీ తయారయ్యే మనిషికి ఇక్కడ మాత్రం అంత తొందరేమొచ్చింది?

బాబాయి అంటే రక్తసంబంధం కాదు. భిలాయ్‌లో తెలుగువాళ్ల పక్కన తెలుగువాళ్లు దిగితే పాలు పొంగేలోపే ఏదో ఒక వరస కలిసిపోతుంది. ఆయనది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున ఒక ఊరు. స్టీలు ప్లాంటులో ముప్పై ఏళ్లకు పైగా చేశాడు, అందులో చివరి సగం సేఫ్టీ విభాగంలో. అంటే ఇతరులు చేస్తున్న పనిని ఆపించడం ఆయన పని. రిటైరయ్యాక ఆపించడానికి ఎవరూ దొరకలేదు. మాలాంటి వాళ్ల మీద పడ్డాడు.

ఎవరింటికి వెళ్లినా ముందు రెండో గుమ్మం ఎక్కడుందో చూసేవాడు. మా గృహప్రవేశంలో అందరూ వ్రతం దగ్గర కూర్చుంటే ఆయన పెరటి తలుపు గడియ తీసి, వేసి, తీసి, తృప్తిపడి అప్పుడు వచ్చి కూర్చున్నాడు. ఫ్యాను కింద కూర్చునే ముందు దాని బోల్టుకేసి కాసేపు చూసేవాడు. మనం టీ గ్లాసు బల్ల అంచున పెడితే, మాట్లాడుతూనే ఒక వేలితో దాన్ని మధ్యలోకి జరిపేవాడు. మెట్లు రెండే ఉన్నా సరే, పట్టుకోవడానికి కమ్మీ ఉందా అని వెతికేవాడు.

అలాంటి మనిషి, రిటైరైన వారానికి మా ఇంటికొచ్చి, నేను ఫిజిక్స్ టీచర్ని కాబట్టి నాకు తెలిసి తీరుతుందనే నమ్మకంతో, ఒక ప్రశ్న అడిగాడు.

"టీచరమ్మా, గాలివానకి ఎదురెళ్లి సూడాలంటే ఏటి సదవాల?"

చదవక్కర్లేదు బాబాయీ, వరండాలో నిలబడితే అదే కనిపిస్తుందన్నాను. హవాయి చెప్పులతో ఫర్నేసు దగ్గరికి పొమ్మన్నట్టు చూశాడు నాకేసి. వరండాలో నిలబడి చూసేవాడు ప్రేక్షకుడట. ఎదురెళ్లేవాడికి అర్హత ఉండాలట. అర్హత లేకుండా వెళితే వాణ్ణి వెతకడానికి ఇంకో నలుగురు వెళ్లాలి, ఆ నలుగురూ ఎవరి బిడ్డలని ఆయన ప్రశ్న. నేను టీ పెట్టడానికి లేచాను.

నెల తిరక్కుండా సిలబస్ తయారైంది. ఆరు పాఠాలు. మొదటి పాఠం, పారిపోవడం. రెండోది, ఎప్పుడు పారిపోవాలి. మూడోది, పారిపోయే ముందు ఎవరికి చెప్పాలి. నాలుగో పాఠానికి గానీ మబ్బు రాలేదు. మెరుపు మెరిసినప్పటి నుంచి ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టడం, అది ముప్పై లోపు ఉంటే నోరుమూసుకుని లోపలికి పోవడం, ఆఖరి ఉరుము తర్వాత అరగంటదాకా బయటికి రాకపోవడం అయిదో పాఠం. ఆరోది ప్రథమ చికిత్స. నాకు తెలిసిన ఫిజిక్స్ అంతా నాలుగో పాఠంలో పావు పేజీకి సరిపోయింది.

తర్వాత పరీక్ష పెట్టాడు. నాకూ పెట్టాడు, తనకూ పెట్టుకున్నాడు. పవర్ హౌస్ బజార్లో కొన్న తెల్ల కాయితాలు, మా వంటింటి గడియారం, నిశ్శబ్దం. మబ్బుని చూసి పరిశీలన రాయమంటే నేను 'చాలా అందంగా ఉంది' అని మొదలుపెట్టాను. ఆ వాక్యం దగ్గరే ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, నన్ను ఫెయిల్ చేశాడు. అందం పరిశీలన కాదట, దిక్కు రాయాలి, రంగు రాయాలి, అడుగు చదునుగా ఉందో లేదో రాయాలి. ఇరవై ఏళ్లుగా పిల్లల్ని ఫెయిల్ చేస్తున్న నాకు ఆ రోజు తెలిసింది అది ఎలా ఉంటుందో. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పిన్ని చెప్పింది, ఆయన తనని తాను కూడా ఫెయిల్ చేసుకున్నాడని. తలగడ మీద గుండె నొక్కడం పరీక్షలో మరీ మెత్తగా నొక్కాడట. తనకి తనే సప్లిమెంటరీ రాసుకుని, పదిహేను రోజులు తలగడ మీద సాధన చేసి, బొటాబొటీ మార్కులతో పాసయ్యాడు. తలగడ బతకలేదు.

ఇక సామాను. హెల్మెట్టు, గమ్ బూట్లు, మెడలో విజిల్, తాడు, టార్చి, ప్రథమ చికిత్స పెట్టె, బ్యాటరీ రేడియో, ఎనిమిది ఓఆర్‌ఎస్ పొట్లాలు. ఫోన్లో రాడార్ బొమ్మ చూసేవాడు గానీ నమ్మేవాడు కాదు, దాన్ని కిటికీతో సరిచూసేవాడు. గాలి వేగానికి మాత్రం సొంత యంత్రం చేశాడు. పాత ఫ్యాను బేరింగు మీద అడ్డంగా రెండు ఊచలు, వాటి కొసలకి నాలుగు స్టీలు గిన్నెలు. గాలి తగిలితే గిరగిరా తిరుగుతాయి, సైకిల్ మీటరు లెక్క చూపిస్తుంది. ఆ గిన్నెలు నాలుగూ పిన్నివి. పెళ్లిలో వాళ్ల పుట్టింటివాళ్లు పేరు చెక్కించి ఇచ్చిన ఆరు గిన్నెల్లోవి. పిన్ని ఇల్లంతా వెతికి, పనిమనిషిని అనుమానించి, ఆ పిల్ల అలిగి మానేశాక, ఒక రోజు మేడ మీదికి వడియాలు ఆరబెట్టడానికి వెళ్లి, తన పేరు గాల్లో తిరుగుతుండటం చూసింది.

స్కూటరు పనికిరాదని ఆయనే తేల్చాడు. ఉరుముల్లో రెండు చక్రాల బండి బాధ్యతారాహిత్యం. నాలుగు వైపులా రేకున్న కారే ఉండాలి. ఆయనకి కారూ లేదు, నడపడమూ రాదు. నాకు పాత మారుతి ఉంది. అలా నేను డ్రైవర్నయ్యాను. అంతటితో పోలేదు. ప్లాంటులో ప్రమాదమున్న ఏ పనీ పర్మిట్ లేకుండా మొదలుపెట్టరు. చేసేవాడు ఒకడు, అనుమతిచ్చేవాడు ఒకడు, ఇద్దరూ సంతకం పెట్టాలి. పని అయ్యాక మనుషులందరూ తిరిగొచ్చారని, పనిముట్లన్నీ బయటికొచ్చాయని రాసి, మళ్లీ ఇద్దరూ సంతకం పెట్టి మూసెయ్యాలి. మూసెయ్యనంతవరకూ మనిషి పనిలో ఉన్నట్టే లెక్క. ఈ పద్ధతిని బాబాయి గాలివానకి దించాడు. అచ్చంగా గీతలు గీసి పుస్తకం కుట్టించాడు. పని: గాలివాన చూచుట. ప్రమాదములు: పిడుగు, వడగళ్లు, ఎగిరే రేకులు, విరిగే కొమ్మలు, కుక్కలు, తోటి మనుషులు. అనుమతి ఇచ్చే అధికారి: నేను.

మీకు అర్థమయ్యే ఉంటుంది. పడమటి దిక్కున మబ్బు లేవగానే ఆయన పుస్తకం పట్టుకుని వచ్చేవాడు. ఇరవై రెండు గళ్లు. నేను ఒక్కో గడి చదవాలి, చదివినట్టు టిక్కు పెట్టాలి, ఆయన బూట్లు ముట్టుకుని చూడాలి, విజిల్ ఊదించాలి. మేం పదహారో గడిలో ఉండగా వాన మా పెరట్లోకి వచ్చి, బట్టలు తడిపి, వెళ్లిపోయేది. మూడు వేసవులు ఇలాగే గడిచాయి. ఒకసారి మాత్రం తెగించి తరిమాం. కుమ్హారి చేరేసరికి రోడ్డు తడిసి ఉంది, జనం తాపీగా పకోడీలు తింటున్నారు. టీకొట్టు అతను మేం చివరి బస్సు తప్పిపోయిన వాళ్లమన్నట్టు జాలిగా, "అభీ అభీ నికల్ గయా, భయ్యా" అన్నాడు, ఇప్పుడే వెళ్లిపోయిందని. బాబాయి పర్మిట్లో 'ఆలస్యము' అని రాసి, మనుషులు ఇద్దరు, పనిముట్లు సరి అని సంతకం పెట్టి మూసేశాడు. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఎందుకు బాబాయీ ఇదంతా, ఏం చూడాలని అని ఆ టీకొట్టు దగ్గరే అడిగేశాను.

ఆయన టీ గ్లాసుని బల్ల మధ్యకి జరిపి చెప్పాడు. ఆరేళ్లప్పుడు వాళ్ల ఊరి మీద తుఫాను పడిందట. కప్పు ఎగిరిపోకుండా అందరూ ఇంటి దూలాలు పట్టుకుని వేలాడుతుంటే, నాయనమ్మ ఈయన్ని ఎత్తి ధాన్యం గాదెలో దింపి, ఏడవకుండా నోట్లో బెల్లం ముక్క కుక్కి, పైన మూత పెట్టింది. ఈయన బెల్లం చప్పరిస్తూ నిద్రపోయాడు. తెల్లారి మూత తీస్తే ఇల్లు లేదు, కొబ్బరి చెట్లు లేవు.

"ఆకాశం మాత్రం సుబ్బరంగా ఉంది" అన్నాడు. "ఆ తుఫాను ఊళ్లో అందరిదీనమ్మా. నాకు మాత్రం బెల్లమే."

ఆ తర్వాత జీవితమంతా ఏ పెళ్లిలో, ఏ చావులో ఊరివాళ్లు కలిసినా అదే కథ. నువ్వేం చూశావు, నువ్వేం చూశావు. ఇక్కడ తెలుగువాళ్ల సమావేశాల్లోనూ అంతే, శ్రీకాకుళంవాళ్లు నలుగురు చేరితే తుఫాను రాక తప్పదు. అప్పుడు ఈయన లేచి అందరికీ మంచినీళ్లు అందించేవాడు. నేను చాలాసార్లు చూశాను, మర్యాద అనుకున్నాను. ఒక్కటంటే ఒక్క గాలివానని తల నుంచి తోకదాకా కళ్లతో చూడాలి, అంతేనట. అయితే దానికోసం ఎవరి ప్రాణం మీదికీ తేకూడదు, తనది కూడా. ఆ రోజు నుంచి నేను గళ్లు త్వరత్వరగా టిక్కు పెట్టడం నేర్చుకున్నాను. ఆయన గమనించాడు. మందలించాడు. అయినా పెట్టాను.

కిందటి ఏడాది మే నెలలో అన్నీ కుదిరాయి. నాకు సెలవులు. పొద్దుటి నుంచి ఉక్క. మధ్యాహ్నం మూడుకి పడమట మబ్బు లేచేసరికి పర్మిట్ అప్పటికే నిండి ఉంది, ఆయన తెల్లారే వచ్చి నింపించేశాడు. నందిని రోడ్డు మీద ఆయన ముందే ఎంచిపెట్టుకున్న చోటుంది. చిన్న స్కూలు, గట్టి కాంక్రీటు కప్పు, ఎదురుగా విశాలంగా బీడు. తిరిగి వెళ్లే దిక్కుకి ముఖం పెట్టి కారు నిలిపాను. కారు కప్పు మీద గిన్నెల యంత్రం బిగించాడు. పడమటి కొసన ఎర్రమట్టి రంగులో దుమ్ము గోడలా లేచింది. దాని వెనక నీలం, దాని వెనక నలుపు. గిన్నెలు మెల్లగా కదిలాయి. బాబాయి హెల్మెట్టు సరిచేసుకుని అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను ఎన్నడూ చూడలేదు.

అప్పుడే బ్యాండు వినిపించింది. రోడ్డుకి అవతల, మామిడి చెట్ల పక్కన, పెళ్లి. ఇనప గొట్టాల మీద పెద్ద షామియానా, జనరేటరు, వేలాడే వైర్లు, కింద వందమంది పూరీలు తింటున్నారు. బాబాయి గాలివానని చూశాడు. షామియానాని చూశాడు. మళ్లీ గాలివానని చూశాడు. ఇన్నేళ్లలో ఆయన నోట ఎప్పుడూ వినని మాట ఒకటి అని, విజిల్ ఊదుతూ పరిగెత్తాడు.

భిలాయ్ చుట్టుపక్కల హెల్మెట్టుకి ఉన్న గౌరవం ఇంకెక్కడా ఉండదు. విజిల్ ఆగగానే బ్యాండు ఆగింది. పెళ్లికొడుకు మావయ్య చేతులు కట్టుకుని వచ్చాడు. బాబాయి ముందుగా అడిగింది ఏమిటో చెబితే నమ్మరు. "పర్మిట్ కహా హై?" అన్నాడు. ఆ పెద్దమనిషి కంగారుగా జేబులోంచి శుభలేఖ తీసి ఇచ్చాడు. ఈయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వెనక్కి ఇచ్చి, అందరూ స్కూల్లోకి నడవండని హుకుం జారీ చేశాడు. ముసలివాళ్లు ముందు, ఆడవాళ్లూ పిల్లలూ తర్వాత, బ్యాండువాళ్లు బాజాలు వదిలేసి. వంటవాడు పొయ్యి వదలనన్నాడు. బాబాయి తనే గ్యాసు కట్టేసి, మూకుడు మీద మూత పెట్టి, అతని మెడ పట్టుకుని తీసుకొచ్చాడు. పెళ్లికూతురు చెప్పులు దొరకలేదంటే గమ్ బూట్లు విప్పి ఇచ్చాడు.

అందరూ స్కూలు గదుల్లో కుక్కుకున్నాక తెలిసింది, పెద్ద గది తలుపుకి గడియ లేదని. దుమ్ము కొట్టింది. తలుపు ఢామ్మని తెరుచుకుంది. బాబాయి దాన్ని మూసి, వీపు ఆనించి, రెండు చేతులూ చెరో వైపు గోడకి అదిమిపెట్టి నిలబడ్డాడు. అలా అరగంటకు పైగా. ఆయనకి ఎదురుగా గోడ మీద పదిహేడో ఎక్కం. నేను కిటికీ దగ్గర ఉన్నాను. నాకు అంతా కనిపించింది.

"టీచరమ్మా, ఏటవుతంది?"

"పందిరి ఊగుతోంది బాబాయీ."

"ఏ దిక్కునించి కొడతంది? సరిగ్గా సెప్పు."

చెప్పాను. వాయవ్యం నుంచి. షామియానా ఒక పక్క లేచింది, మొత్తం లేచింది, ఎర్రగా మామిడి చెట్ల మీంచి వెళ్లిపోయింది. ఇనప గొట్టాలు భోజనాల వరసల మీద అడ్డదిడ్డంగా పడ్డాయి. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని వెనక ఒకటి బీడులోకి నడిచాయి. వడగళ్లు, ఉసిరికాయలంత. మన కారు అద్దం పోయింది. మీ యంత్రం తిరుగుతోంది, గిన్నెలు కనిపించనంత వేగంగా తిరుగుతోంది, ఊచ ఊడింది, గిన్నెలు ఎగిరిపోయాయి బాబాయీ. నేను చెబుతుంటే ఆయన కళ్లు గట్టిగా మూసుకుని వింటున్నాడు. తలుపు ఆయన్ని ముందుకి తోస్తోంది, ఆయన తలుపుని వెనక్కి తోస్తున్నాడు. మధ్యమధ్యలో జనాన్ని లెక్కపెడుతున్నాడు.

ఆ గదిలో ఒక ముసలామె ఉంది, పెళ్లికూతురి నానమ్మ. ఇంతమందిని కాపాడుతున్నవాడు ఏమీ తినలేదని ఆమె బాధ. కొంగులో దాచి తెచ్చిన బూందీ లడ్డూ తీసి, "లే బేటా, ఖా లే" అంటూ ఆయన నోట్లో పెట్టింది. చేతులు ఖాళీ లేవు, వద్దనడానికి కుదరలేదు. రెండుసార్లు నమిలి ఆగిపోయాడు. కళ్లు తెరిచి నాకేసి చూశాడు. ఆయనకేం గుర్తొచ్చిందో నాకు తెలుసు. నవ్వు మొదలైంది ఆయనకి, లడ్డూతోనే. నవ్వుతూ ఉంటే కళ్లలోంచి నీళ్లు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

ఆఖరి ఉరుము తర్వాత కచ్చితంగా అరగంటకి తలుపు తీశాడు. ఒక్కరికీ గీత పడలేదు. బయటికొచ్చి పైకి చూశాడు. సుబ్బరంగా ఉంది.

పర్మిట్ మూసేద్దామన్నాను కారులో. ఒప్పుకోలేదు.

"నాను సూడలేదు కదమ్మా. పని అవనట్టే. ఉంచు, మల్లీ ఎల్దాం."

ఆ తర్వాత దసరా సమావేశంలో నేనే అందరి ముందూ బయటపెట్టాను, మా బాబాయి గాలివానకి అడ్డం నిలబడ్డాడని. అందరూ ఆయన చుట్టూ చేరారు. జీవితంలో మొదటిసారి మంచినీళ్లు ఇంకెవరో అందించారు. ఏం చూశావు చెప్పమన్నారు. అబద్ధం ఆడొచ్చు, నేను చెప్పిందంతా ఆయనకి కంఠతా వచ్చు. ఆయన మాత్రం, "నాను సూడలేదు. నా ఈపుకి తెలుసు" అని, పదిహేడో ఎక్కం మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాడు.

ఇవాళ పిన్ని ఆ హెల్మెట్టూ పుస్తకమూ పెట్టి మా ఇంట్లోనే ఉండిపోయింది. నాలుగవుతుండగా పడమట మబ్బు లేచింది, ఈ ఏడాదికి మొదటిది. హెల్మెట్టు పిన్ని తలకి పెట్టి ఇద్దరం వరండాలో కూర్చున్నాం. పాఠం ప్రకారం, గుమ్మానికి అడుగు దూరంలో. ఉరుము దగ్గరపడగానే లోపలికెళ్లి కిటికీలోంచి చూశాం. మొదటి దుమ్ము నుంచి చివరి చినుకుదాకా నేను కన్ను తిప్పలేదు. ఆయన పుస్తకం తెరిచి, కిందటి మే నెల పర్మిట్లో పరిశీలన అన్న గడిలో దిక్కు రాశాను, రంగు రాశాను, మబ్బు అడుగు చదునుగా ఉందని రాశాను. ఇంకో మాట రాయాలనిపించింది గానీ రాయలేదు, మళ్లీ ఫెయిల్ చేస్తాడు. అడుగున నా సంతకం పెట్టాను. పక్క గడి ఖాళీగా ఉంది.

"అయిపోనాదేటమ్మా?" అంది పిన్ని.

ఇద్దరి సంతకాలూ ఉంటే గానీ పర్మిట్ మూయకూడదని చెప్పాను. రూలు ప్రకారం బాబాయి ఇంకా పనిలోనే ఉన్నారు పిన్నీ అన్నాను.

పిన్ని హెల్మెట్టు తియ్యకుండానే ఆ ఖాళీ గడిని వేలితో ఒకసారి తడిమింది.

"అలగైతే వొచ్చినప్పుడు నా గిన్నెలు నాలుగూ ఏరుకుని తెచ్చీమను" అంది.